ద్వేష నేరాలను లెక్కకు తెచ్చిన ‘ఎందుకమ్మ’గారు

1989 జూలై మూడవ తేదీన పోలీసు ప్రధాన కార్యాలయంలోని నేర గణాంక విభాగంలో సహాయకురాలిగా అడుగుపెట్టి, నేడు ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా మేడంగారిని ఇక్కడ ఎవరూ అసలు పేరుతో తలచుకోరు. వారి చెవిన పడదనుకుని మేము పెట్టుకున్న పేరు ‘ఎందుకమ్మ’. ఆ సంగతి వారికి మొదటి నుంచీ తెలుసునట!

ఆ రోజుల్లో ఠాణాల నుంచి వచ్చే నివేదికల్లో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఉండేవి. ఎందుకన్నది ఉండేది కాదు. తాగిన మైకంలో కొట్టినా, మతాన్నో రంగునో చూసి కొట్టినా అన్నీ ‘కొట్లాట’ అన్న ఒకే గడిలో పడేవి. మేడంగారు ప్రతి ఠాణాకూ ఫోన్ చేసి, “ఎందుకు కొట్టారండీ?” అని అడిగేవారు. ఆనాటి పై అధికారి, “ద్వేషం మనసులో ఉండేదమ్మా, ఎక్కడని వెతికి రాస్తాం?” అని విసుక్కుంటే, “కొట్టినవాళ్లే బాధితుడి ఇంటి గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టారు సార్, చూసి రాసుకోవడానిక్కూడా బద్ధకమేనా?” అన్నారట.

తరువాతి కాలంలో వారు పలు దేశాల పద్ధతులను శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఒక దేశం బాధితుడి మాటను నమ్మి నమోదు చేస్తుంది. మరొకటి న్యాయస్థానం తేల్చేదాకా లెక్కలోకి తీసుకోదు. ఇంకొక దేశంలో అడిగే నాథుడే ఉండడు. అంకె చిన్నదైనంత మాత్రాన ఆ దేశం చల్లగా ఉన్నట్టు కాదని మాకు నేర్పినది మేడంగారే.

నేను కళ్లారా చూసిన ఒక సంఘటన చెప్పాలి. గడియారాలు బాగుచేసే ఒకాయనను దుకాణంలోకి చొరబడి కొట్టి, కుడిచేయి విరగ్గొట్టారు. పూచికపుల్లంత వస్తువు కూడా పోలేదు. అయినా వచ్చినవాళ్లు దొంగలే అని ఆయన చెప్పారు. మేడంగారి వెంట నేనూ ఆయన ఇంటికి వెళ్లాను. మమ్మల్ని లోపలికి రానివ్వకుండానే ఆయన భార్య నిలదీసింది.

“అసలు సంగతి రాస్తే వాళ్లు మళ్లీ వస్తారు. అప్పుడు మా గుమ్మంలో మీరు కాపలా కాస్తారా?”

“నేను కాయలేనమ్మా. మీరు చెబితే మాత్రం, కాపలా పెట్టమని పైవాళ్లతో పోట్లాడగలను.”

తలుపు మూసుకుంది. మేడంగారు నొచ్చుకోలేదు. మళ్లీ వెళ్లారు, ఆ పైన మరోసారి వెళ్లారు. కేసు ఊసెత్తకుండా చేయి ఎలా ఉందో అడిగి వచ్చేవారు. చివరికి ఒక సాయంత్రం ఆయనే నోరు విప్పారు. “దెబ్బలు మానుతున్నాయమ్మా. కొడుతూ వాళ్లన్న మాటలే చెవుల్లోంచి పోవట్లేదు. మీలాంటివాళ్లకి ఈ ఊళ్లో చోటు లేదన్నారు.”

అచ్చంగా అవే మాటలు మరి రెండు ఊళ్లలో మామూలు కొట్లాటలుగా నమోదైన కేసుల్లోనూ వినబడ్డాయని మేడంగారు ఆరా తీసి తేల్చారు. విడివిడిగా చిల్లర గొడవల్లా కనిపించినవి ఒకే ముఠా పనిగా బయటపడ్డాయి. మేడంగారు అన్నమాట ప్రకారం పోట్లాడి ఆ ఇంటికి కాపలా పెట్టించారు. ముఠా దొరికింది, తీర్పులో న్యాయమూర్తి ద్వేషాన్ని ద్వేషమనే అన్నారు. గడియారాలాయన చేయి పూర్వంలా తిరగలేదు గానీ, ఆయన చెబుతుంటే భార్య పనిముట్లు పట్టింది. దుకాణం తెరుచుకుంది.

మరుసటి ఏడాది మా లెక్కల్లో ద్వేష నేరాల అంకె అమాంతం పెరిగింది. పరువు పోతుందని పైవారు కంగారుపడ్డారు. “నేరాలు పెరిగాయో లేదో ఇంకా తెలియదు సార్. చెప్పుకునేవాళ్లు మాత్రం పెరిగారు,” అని మేడంగారు ఒక్క అంకె తగ్గించకుండా ప్రచురించారు.

“ఇన్నేళ్లలో మా ఆవిడ కాఫీ వేడిగా తాగడం నేను చూళ్లేదయ్యా, ఎప్పుడూ ఫోనే!” అని వారి భర్తగారు నిన్న నాతో అన్నారు. ఇకపై ప్రతి ఉదయమూ వారిద్దరి ముందు కాఫీ పొగలు కక్కుతూ ఉండాలనీ, దాన్ని తీరిగ్గా ఆస్వాదించే ఆరోగ్యమూ, చెప్పుకోవడానికి తరగని కబుర్లూ వారికి నిండు నూరేళ్లూ తోడుండాలనీ మా విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.