పొద్దున్నే చదివిన మెయిల్

మధ్యాహ్నం. లైబ్రరీలో కంప్యూటరు ముందు ఇద్దరే ఉన్నారు: లైబ్రరీ చూసుకునే ఆవిడ, కంప్యూటర్లు బాగుచేసే మరిది.

“మళ్ళీ పంపించు.”

“ఎన్నిసార్లు పంపినా అంతే వదినా. గోడకేసి కొట్టిన బంతిలా తిరిగొస్తోంది. సోమవారం నుంచి మన లైబ్రరీ మెయిల్ ఒక్కటి కూడా ఎవరికీ చేరలేదు.”

“ఒక్కరికి కూడానా?”

“ఒక్కరికి కూడా.”

“ఆదివారం మీటింగుకి జనం రాకపోతే ఈ గదిని బిల్డింగువాళ్ళు చెప్పుల షాపు గోడౌనుకి ఇచ్చేస్తారు, తెలుసుగా. సభ్యుల్ని కళ్ళతో చూస్తేగానీ నమ్మరట. ఇదేం ఖర్మ, నా మెయిళ్ళు ఆపడానికి నేనేమైనా లాటరీ టికెట్లు అమ్ముతున్నానా?”

“ఆ మెయిల్ సిస్టానికేం తెలుసు? ఒక అడ్రసు మీద జనం పదేపదే స్పామ్ అని నొక్కితే చాలు, ఇక అక్కణ్ణుంచి ఏదొచ్చినా దాని లెక్కలో చెత్తే.”

“మన సభ్యులు నొక్కారంటావా? పేజీ మడత పెట్టడానికే భయపడేవాళ్ళు.”

“ఎవరో కొందరు.”

“వద్దనుకుంటే కింద ‘వైదొలగండి’ అని ఉందిగా. హాయిగా వెళ్ళిపోవచ్చు.”

“హాయిగానా?”

“ఏం?”

“టైలరుగారు వైదొలిగినప్పుడు ఏం చేశావు?”

“ఏం చేశాను, ఫోన్ చేశాను. నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా బాబాయిగారూ అని అడిగాను. అడక్కూడదా?”

“ఆయనేమన్నాడు?”

“ఎత్తలేదు. ఇంటికెళ్ళాను.”

“ఉత్త చేతుల్తోనేనా?”

“లావుపాటి నవలలు పట్టుకెళ్ళా. పాపం, మర్నాడే మళ్ళీ చేరారు.”

“చేరక ఏం చేస్తాడు? ఆ సంగతి వీధంతా తెలుసు వదినా. ఇంకెవరు వైదొలుగుతారు? స్పామ్ నొక్కితే ఎవరు నొక్కారో నీకు తెలీదు. మొహమాటం ఉండదు.”

“నువ్వు నొక్కావా?”

“ముందిది చూడనీ.”

“నొక్కావా అంటున్నా.”

“ఒకసారి. వేలు జారి.”

“బాగా జారిందిలే. అయినా నిన్నేమని ఏం లాభం. మీ అక్క ఊరందరికీ మెయిల్లో ఆరోగ్య చిట్కాలు పంపుతుంది చూడు, తెల్లారకుండానే…”

“అవును. ఆవిడకి అదంతా నేనే పెట్టిచ్చాను. చదువుతున్నావా?”

“ఎవరు చదువుతారు? ఈ వారం ఎందుకో రాలేదు గానీ, ఒకరోజు గోరువెచ్చని నీళ్ళు, మర్నాడూ గోరువెచ్చని నీళ్ళు.”

“మరి వైదొలగొచ్చుగా.”

“ఆవిడ ఫోన్ చేస్తే? ఇంటికొస్తే?”

“మరేం చేస్తున్నావు?”

“రోజూ లేవగానే స్పామ్ నొక్కుతా, పళ్ళు తోముకున్నట్టు. మీ అన్నయ్య ఫోన్లోనూ నేనే నొక్కుతా. మా పక్కింటావిడకీ నేర్పాను, ఆవిడ వాళ్ళ చెల్లెళ్ళకి నేర్పింది…”

“అక్క మెయిళ్ళూ, లైబ్రరీ మెయిళ్ళూ ఒకే అడ్రసు నుంచి పోతాయి వదినా. రెండెందుకులే అని నేనే కలిపాను.”

“అంటే ఇన్నాళ్ళూ నేను నొక్కింది…”

“నీ మీద కూడా.”

“ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా.”

“నువ్వు నొక్కుతావని నేను కలగన్నానా?”

“సరే, ఇప్పుడేం చేద్దాం? మీటింగు ఎల్లుండే.”

“కొత్త అడ్రసు తీసుకున్నా దాని మీద నమ్మకం కుదరడానికి వారాలు పడుతుంది. ఫోన్లు చేసుకోవాల్సిందే.”

“నా నంబరు చూసి ఎవరెత్తుతారు? నా సంగతి వీధంతా తెలుసని ఇందాకేగా అన్నావు.”

“అయితే అక్కకి చెయ్యి. ఆవిడ ఒక్క మాటంటే జనం లేచొస్తారు.”

“ఏ మొహం పెట్టుకుని చెయ్యను?”

“ఫోన్లో మొహం కనపడదుగా. స్పీకరు పెట్టు, నేనూ వింటా.”

“హలో, వదినగారూ, నేనేనండీ, లైబ్రరీ నుంచి.”

“ఏమ్మా, కులాసానా? గోరువెచ్చని నీళ్ళు తాగుతున్నావా?”

“తాగుతున్నానండీ. మీరు పంపేవన్నీ రోజూ చదువుతున్నా. అది కాదు, ఇవాళ అందర్నీ రమ్మని మా లైబ్రరీ నుంచి మెయిల్…”

“అందిందమ్మా, అందకేం? పొద్దున్నే అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఎంత బాగా రాశావో. మనవాళ్ళందర్నీ వెంటేసుకొస్తాలే, నువ్వేం దిగులు పడకు. ఏ రోజు రావాలో, ఎందుకు రావాలో, అదొక్కటి చెప్పు చాలు.”