ఈసారికి వద్దు

ఆడవాళ్ళ సంఘమే వదినగారూ, కాదని నేనెక్కడన్నాను? పద్దెనిమిదేళ్ళుగా అందులో ఉన్నాను, ఆ మాత్రం తెలీదా నాకు? ఎన్నికల్లో ఆడవాళ్ళని నిలబెట్టాలి, గెలిపించాలి, అదే దాని పని. మీ అలేఖ్య ఆడపిల్లే. నిలబడింది. మరి సంఘం వెళ్ళి ఆ మగాయన పక్కన ఎందుకు నిలబడిందని మీరడిగితే నేనేం చెప్పేది?

సీటు బెల్టు కొంచెం లాగి పెట్టుకోండి. ఆఁ, అంతే.

మామూలుగా హెర్న్‌డన్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి పావుగంట. ఇవాళ ముందర రోడ్డు పని జరుగుతోంది, అరగంట పట్టేలా ఉంది. పట్టనివ్వండి. మీ ఫ్లైట్‌కి బోలెడు టైముంది.

అలేఖ్యకి ఆఫీసులో వీలు కాలేదు, ఫణి పని మీద ప్లేనో వెళ్ళాడు, అందుకని రాణిగారు దింపుతున్నారు అనుకుంటున్నారు కదా మీరు. కాదండీ. నేనే అడిగాను. అత్తయ్యగారి కోసం టాక్సీ బుక్ చేస్తానని ఫణి అంటే, వద్దు నేనున్నానుగా అన్నాను. మీతో ఒక మాట చెప్పాలి. ఆరు నెలలుగా మీ ఇంటికి వస్తూనే ఉన్నాను, మీ చేతి కాఫీ తాగుతూనే ఉన్నాను. చెప్పలేకపోయాను.

మొదట్నుంచీ చెప్తాను. మధ్యలోంచి చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది.

మీ అమ్మాయిని నేను మొదటిసారి చూసింది కౌంటీ బోర్డు మీటింగులో, మన జిల్లా పరిషత్ లాంటిది. మూడేళ్ళయింది. అక్కడ సభ్యుల ముందు ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మీ మనవరాలు హంసిక వాళ్ళ స్కూలు ముందు రోడ్డుకి సిగ్నల్ లేదు. అలేఖ్య రోజూ పొద్దున్నే అక్కడ నిలబడి, పిల్లలు దాటుతుంటే ఎన్ని కార్లు ఆగాయో, ఎన్ని ఆగలేదో రాసుకొచ్చింది. బెల్లు కొట్టారు, టైమైపోయిందని. "ఇంకొక్క మాట. మీ తొమ్మిది మందిలో ఆ రోడ్డుని నడిచి దాటినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అని అడిగింది. తొమ్మిది మందీ ముందున్న కాగితాలు తిరగేశారు. మరుసటేడు సిగ్నల్ పడింది.

ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్లని అసెంబ్లీకి పంపాలని. మా సీటులో ఇంతవరకూ ఆడమనిషి గెలిచింది లేదు. మా మీటింగుల్లో గోడ మీద ఒక చార్టు ఉంటుంది, గెలిచిన ఆడవాళ్ళవి ఫొటోలు అతికిస్తాం. మా సీటు దగ్గర ఖాళీ గడి. దాన్ని చూసీ చూసీ కళ్ళు కాయలు కాశాయి నాకు.

నాలుగుసార్లు అడిగాను. మొదట ఉద్యోగం అంది. తర్వాత హంసిక చిన్నది అంది. మూడోసారి అసలు మాట చెప్పింది. "నా ఇంగ్లీషు విని ఎవరు ఓటేస్తారాంటీ?" అని. నీ ఇంగ్లీషుకేమొచ్చింది, అందరికీ అర్థమవుతోందిగా అని కసిరాను నేను. నాలుగోసారికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మీకు ఫోన్ చేసి రమ్మంది.

ఆ తర్వాత మీరు చూసిందే. ఏప్రిల్లో మీరు దిగేటప్పటికే దాని బూట్లు ఒక జత అరిగిపోయాయి. ఇల్లిల్లూ తిరిగింది. తలుపు తీసినవాళ్ళు దీన్ని చూసి, మరి క్యాండిడేట్ ఎక్కడమ్మా అని వెనక్కి చూసేవాళ్ళు. నేనేనండీ అనేది. నువ్వు ఇలా తిరుగుతుంటే పాపనెవరు చూస్తున్నారని అడిగేవాళ్ళు. దీనికి పోటీగా నిలబడ్డ ఆ కాల్డ్‌వెల్‌కి ముగ్గురు పిల్లలు వదినగారూ. ఆయన్ని ఒక్కరు అడిగితే ఒట్టు.

మనవాళ్ళేమన్నా తక్కువా? తెలుగు సంఘానికి పెద్దాయన, విశ్వనాథ్‌గారు, మీ ఇంట్లోనే, మీరు కలిపిన పులిహోర తింటూనే అన్నాడు కదా, ఫణి నిలబడి ఉంటే బాగుండేదమ్మా, మనవాళ్ళంతా కలిసొచ్చేవాళ్ళు అని. ఫణి పక్కనే ఉన్నాడు పాపం, నాకు ఈ ఊళ్ళో చెత్త బండి ఏ రోజు వస్తుందో కూడా తెలీదండీ అన్నాడు. అందరూ నవ్వారు. అలేఖ్య మాత్రం నవ్వలేదు.

అదంతా సరే. అవి బయటివాళ్ళ మాటలు. అసలు సంగతి మా సంఘంలో జరిగింది.

మీకు తెలుసుగా, ప్రైమరీ అంటే మన పార్టీలోనే ముందు జరిగే పోటీ. అలేఖ్య ఒకవైపు, కాల్డ్‌వెల్ ఒకవైపు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళ సమస్యల మీద మేం పంపిన ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబులు రాశాడు. మా సంఘం ఎవరికి మద్దతిస్తే వాళ్ళ పేరు వేలమంది ఆడవాళ్ళకి మెయిల్ వెళ్తుంది. పోలింగ్ రోజు మావాళ్ళు బూత్ బయట నిలబడి ఆ పేరున్న కార్డులు పంచుతారు. ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఏడుగురం. అందులో ఇండియన్ని నేనొక్కదాన్నే.

ఇంటర్వ్యూకి అలేఖ్య మీ నీలం పట్టుచీర కట్టుకొచ్చింది, గుర్తుందా? కట్టింది మీరేగా. బాగా మాట్లాడింది వదినగారూ. బిడ్డ పుట్టాక జీతంతో సెలవు ఇవ్వాలన్న బిల్లు గురించి అడిగితే, ఏ రాష్ట్రంలో ఎలా ఇస్తున్నారో కాగితం చూడకుండా చెప్పింది. కానీ తొందరలో ఒకట్రెండు మాటలు మన యాసలో పడ్డాయి. వి దగ్గర డబ్ల్యూ, డబ్ల్యూ దగ్గర వి. ఎదురుగా ఉన్న ఒకావిడ తల వంచుకుని కాగితం వైపు చూసి చిన్నగా నవ్వుకుంది. అంతే. 

ఆ నవ్వు నాకు తెలుసండీ. ఇరవై రెండేళ్ళు లైబ్రరీలో కౌంటర్ వెనకాల కూర్చున్నాను. ఒక పుస్తకం ఎక్కడుందో చెబితే, వినేసి, థాంక్యూ అనేసి, పక్కనున్న ఆవిడ దగ్గరికెళ్ళి అదే ప్రశ్న మళ్ళీ అడిగేవాళ్ళు. ఇద్దరం చెప్పేదీ ఒకటే. ఆవిడ చెబితే నమ్మేవాళ్ళు.

అలేఖ్య బయటికెళ్ళాక ముగ్గురు తనకిద్దామన్నారు. ముగ్గురు, మనసు తనవైపే ఉంది గానీ నవంబర్‌లో అవతలి పార్టీ మీద నెగ్గుకొస్తుందా అని అనుమానపడ్డారు. అప్పుడు మా ఛైర్మన్ మార్జొరీ నా వైపు తిరిగింది. మంచి మనిషి. నేనంటే గౌరవం. "రాణీ, ఆమెని తీసుకొచ్చింది నువ్వు. మా అందరికంటే నీకే తెలుస్తుంది. గెలుస్తుందంటావా?" అని అడిగింది.

ఆరుగురూ నన్నే చూస్తున్నారు. గెలుస్తుంది అని ఒక్క మాటంటే అయిపోయేది. కాదనడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు, నన్ను కాదంటే బాగుండదని.

"ఈసారికి వద్దేమో" అన్నాను.

నేనేనండీ. నేనే అన్నాను.

...

మీరు అటు చూడకండి వదినగారూ. పోనీ, చూడండి. మీ ఇష్టం.

ఎందుకన్నానని మీరడగకముందే నన్ను నేను అడుక్కున్నాను, వందసార్లు. ఓడిపోతే తట్టుకోలేదని జాలిపడ్డాననుకున్నాను మొదట. తర్వాత, సీటు చేజారకూడదని పార్టీ కోసం అన్నాననుకున్నాను. రెండూ కావు. మీ పిల్ల గొంతులో నా గొంతు వినిపించింది నాకు. సిగ్గేసింది. ఈ గొంతుని వీళ్ళెలా నమ్ముతారనుకున్నాను. నన్ను కౌంటర్ దగ్గర వదిలేసి పక్కావిడ దగ్గరికెళ్ళిన వాళ్ళు చేసిందీ ఇదేగా? వాళ్ళకంటే నేనెక్కడ మెరుగు?

నేనా మాట అన్నానో లేదో, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాణి కూడా అదే అంటోందిగా అనుకున్నారు. ఓటింగులో ఏడుగురం చేతులెత్తాం, కాల్డ్‌వెల్‌కి. అనుకూలంగా ఉన్న ముగ్గురు కూడా ఎత్తేశారు. ఇండియన్ ఆవిడే వద్దంటుంటే వాళ్ళెందుకు పట్టుబడతారు చెప్పండి?

జూన్‌లో పోలింగ్ రోజు అలేఖ్య స్కూలు బయట నిలబడింది, అది వేయించిన సిగ్నల్ దగ్గరే. పది అడుగుల దూరంలో మా సంఘం ఆడవాళ్ళు కాల్డ్‌వెల్ కార్డులు పంచుతున్నారు. వాళ్ళకి మంచినీళ్ళ సీసాలు కూడా ఇదే తెచ్చిచ్చింది, ఎండగా ఉందని.

రెండు వందల పద్నాలుగు ఓట్లు. అంతే తేడా. మా మెయిల్ ఒక్కటి దాని పేరుతో వెళ్ళి ఉంటే?

ఆ సాయంత్రం రెస్టారెంట్ హాల్లో అందరికీ దణ్ణం పెట్టి, నన్ను ముందుకు పిలిచింది. "ఆ సంఘంలో రాణి ఆంటీ ఒక్కరే నా వైపు నిలబడ్డారు" అంది. దానికి అలా ఎవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పక్కర్లేదు, తనే అనుకుని ఉంటుంది. ఇంకేమనుకుంటుంది? చప్పట్లు కొట్టారు. మీరొచ్చి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టారు. తీసుకున్నాను. కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచిన మాట నిజం. తెరిచి, థాంక్యూ అన్నాను.

ఇప్పుడు శనివారం శనివారం కాల్డ్‌వెల్ కోసం తలుపులు కొడుతున్నాను. నవంబర్‌లో ఆయన గెలిస్తే గెలుస్తాడు. ఆ సెలవు బిల్లుకి అనుకూలంగా ఆయన ఓటూ వేస్తాడు, అది ఓట్ల దాకా వస్తే. ఎన్నేళ్ళుగానో అది అసెంబ్లీ కమిటీలోనే చచ్చిపోతోంది. ఎక్కడో ఒకచోట ఒకావిడ గెలుస్తుంది, ఇంకోచోట ఇద్దరు ఓడతారు. మేం కేక్ కోసుకుంటాం, చార్టు మీద ఒక ఫొటో అతికిస్తాం.

ఇవన్నీ మింగేసి ఉండేదాన్ని వదినగారూ. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు విన్నదే మింగుడుపడలేదు. హంసిక స్కూల్లో స్టూడెంట్ కౌన్సిల్ ఎలక్షన్లట. నేను ప్రెసిడెంట్‌కి నిలబడతా అమ్మా అంది, ముద్దుముద్దుగా, దాని అమెరికా తెలుగులో. వంటింట్లో అంట్లు కడుగుతున్న అలేఖ్య వెనక్కి తిరక్కుండానే, "నీకెందుకు తల్లీ అదంతా. మీ క్లాసు ఆర్యన్‌ని నిలబడనీ, నువ్వు పోస్టర్లు వెయ్యి. నీకు డ్రాయింగ్ బాగా వచ్చుగా" అంది. మీరూ అక్కడే ఉన్నారు, బీన్స్ తుంచుతూ. ఆ పిల్ల సరేనంది. పేచీ పెట్టినా బాగుండేది. వెళ్ళి రంగు పెన్సిళ్ళు తెచ్చుకుంది.

మూడేళ్ళ కిందట తొమ్మిది మందిని నోరు మూయించిన మనిషి అది.

... చెప్పలేదండీ, అలేఖ్యకి చెప్పలేదు. చెప్పను కూడా. ఒక్కరైనా తన వైపు ఉన్నారన్న నమ్మకం దానికి మిగలాలి కదా అని. కాదులెండి. అది వంక. నన్ను ఆంటీ అని పిలిచే ఇల్లు ఈ ఊళ్ళో అదొక్కటే ఉంది నాకు.

సంఘం మానేయొచ్చుగా అంటారా? మానేద్దామనుకున్నాను. పోయిన వారం కొత్త అమ్మాయి ఇంటర్వ్యూకొచ్చింది, నమ్రతని, వచ్చే ఏడు స్కూల్ బోర్డుకి నిలబడుతుందట. మనమ్మాయే. గడగడా మాట్లాడింది. తను వెళ్ళాక మార్జొరీ నా వైపు తిరగబోతుండగానే నేననేశాను, ఇంకో రెండేళ్ళు పోనిద్దామని. ఈసారి ఆలోచించను కూడా లేదు. అలవాటైపోయిందనుకుంటా.

వచ్చేశాం. డిపార్చర్స్ ఇదే. వీల్‌చైర్ వాళ్ళు ఆ తలుపు దగ్గరే ఉంటారు, పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకోండి. ఉండండి, ఆ సూట్‌కేసు నేను దింపుతాను, బరువు.

... వద్దా? సరే. అతన్ని పిలుస్తాను, అతను దింపుతాడు.

మీరేమీ అనలేదు. అనకండి. అనమని చెప్పలేదు నేను. ఇండియా వెళ్ళాక మీ అమ్మాయికి చెబుతారో మానుతారో అది మీ ఇష్టం. మీరూ చెప్పరనుకుంటాను. ఎలా చెబుతారు?

వెళ్ళిరండి. అలేఖ్యకి ఫోన్ చేసి అమ్మని జాగ్రత్తగా దింపానని చెబుతాను. థాంక్యూ ఆంటీ, మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో అంటుంది. పర్లేదమ్మా అంటాను.