కాజాలాయన కుక్కర్

ఎవరూ, పై వాటా అమ్మాయేనా? ఇవాళ కూడా పొట్లమేనా తల్లీ? దెప్పడానికి అనట్లేదులే. ఆ సంచీ వాసన గేటు దగ్గరే పట్టేసింది నాకు. ముప్ఫయ్యేళ్ళు మెస్సు నడిపిన ముక్కు ఇది, మోకాళ్ళు పోయినా ఇది మాత్రం పోలేదు. ఇలా కూర్చో ఒక్క నిమిషం. ఆ పాత పేపర్లు పక్కకి నెట్టెయ్, పర్లేదు. ఏమన్నావూ? ఒక్కదానికోసం వండుకోవడం దండగా? పొయ్యి వెలిగించేలోపే ఆకలి చచ్చిపోతుందా? నిజమేనే, కాదనను. ఇదే మాట నేనూ అన్నాను ఒకాయనతో. "ఒక్క ప్రాణానికి ఇంత తతంగమేంటి బావా" అన్నాను, నవ్వుతూ అన్నాను. వీధిలో ఎవర్నడిగినా, ఆయన మంచికే అన్నావయ్యా అంటారు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. అదే నాకు పడట్లేదు ఇన్నేళ్ళుగా.

కాజాలాయన అనేవాళ్ళం. అసలు పేరు చెప్తే వీధిలో సగంమంది ఎవరాయన అని అడిగేవాళ్ళు. చొక్కాలకి గుండీలుంటాయే, అవి దూర్చే కంత, దాని చుట్టూ దారంతో కుట్టు, అదీ కాజా అంటే. పొద్దస్తమానం అదే పని. చొక్కా ఎవరో కుడతారు, కాలరు ఎవరో వేస్తారు, ఈయన కిటికీ దగ్గర కూర్చుని కాజాలు తీస్తాడు. "మిషను కాజా రెండు ఉతుకులకి నోరు తెరుస్తుంది బావా. నాది చొక్కా చిరిగి మసిగుడ్డ అయ్యాక కూడా అలాగే ఉంటుంది" అనేవాడు, ఆ సన్నటి గొంతుతో. నాకు బావ ఏం కాదు, వరసా లేదు, పాడూ లేదు. పిలుపుల్లో కలిసిపోయాం అంతే. వీధి చివర టైలరు మూట కట్టి ఇస్తే ఇంటికి తెచ్చుకుని, మూడు రోజులకో నాలుగు రోజులకో పూర్తిచేసి మోసుకెళ్ళి ఇచ్చేవాడు. అంటే ఏంటంటే, ఈయన ఫలానా టైముకి ఫలానా చోట కనిపించాలని ఎదురుచూసేవాళ్ళు లేరు. ఇది గుర్తుపెట్టుకో.

పిల్లల్లేరు. వాళ్ళావిడ పోయేనాటికి ఆయనకి యాభై దాటాయి, కాఫీ కూడా సొంతంగా కలుపుకోలేదు ఎప్పుడూ. అదృష్టం ఏంటంటే కింద వాటాలో ఇస్త్రీ ఆవిడ ఉండేది. పెద్ద గొంతు ఆవిడది, గొంతుకంటే పెద్దది ఆవిడ రేడియో. ఇస్త్రీపెట్టె తోస్తూనే కిందనుంచి కేకలేసి నేర్పించింది వంట. "అన్నా, నీళ్ళు వేలి కణుపు దాకా! కణుపంటే నీ మోచెయ్యి కాదు!" వీధంతా వినేది ఆ పాఠాలు. ఆయన మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాడు. కూర ముక్కలు తరిగితే కొలిచి తరిగినట్టు ఉండేవి. ఒక్కటే రాలేదు ఆయనకి, ఒక్కడికి వండుకోవడం. వాళ్ళావిడ బియ్యం కొలిచే రేకు డబ్బా ఒకటుండేది, పక్కన చిన్న సొట్ట. రెండు డబ్బాలు పోసేది ఆవిడ, చెరో డబ్బా లెక్క. ఈయన ఒక డబ్బా పోస్తే అంత పెద్ద కుక్కర్లో అడుగంటి మాడేది. చిన్న కుక్కర్ కొనుక్కో అంటే, ఇది బాగానే ఉందిగా అనేవాడు. ఆ బాగానే ఉండడం వెనకాల ఏముందో నేనూ అడగలేదు. రెండు డబ్బాలే పోసేవాడు. పొద్దున్న తిని, రాత్రి తిని, మిగిలింది మర్నాడు కూడా. మొత్తమ్మీద రోజూ పొద్దున్న ఎనిమిదింటికి మూడు విజిల్స్. మూడోది వినగానే ఇస్త్రీ ఆవిడ పెట్టె అందుకునేది, అదే ఆవిడ గడియారం. ఒకరోజు ఎనిమిదిన్నరైనా విజిల్ రాలేదట. ఇస్త్రీ వదిలేసి పైకి పరుగెత్తింది. చూస్తే ఒళ్ళు కాలిపోయే జ్వరంతో మంచం మీద పడున్నాడు. జావ కాచి పోసి, డాక్టర్ని పిలిపించి, వారం రోజులు చూసుకుంది పాపం. అలా ఉండేది మరి.

నా మెస్సు సంగతి చెప్పాను కదా నీకు? చెప్పలేదూ? పది బల్లలు, మధ్యాహ్నమైతే నిలబడి ఎదురుచూసేవాళ్ళు. చెయ్యి కడుక్కునే తీరు చూసి చెప్పేవాణ్ణి, వీడు ఒంటరివాడా, ఇంట్లో మనుషులున్నారా అని. ఒంటరివాడు తొందరపడడు. కుళాయి దగ్గర కూడా నింపాదిగా నిలబడతాడు, ఇంటికెళ్ళి చేసేదేముంది కనుక. ఆ, కాజాలాయన. పదకొండింటికి, నేను కాస్త ఖాళీగా ఉండే టైము చూసి, చిన్న గిన్నెలో కూర తెచ్చేవాడు. "నువ్వు పదిమందికి పెట్టేవాడివి, రుచి చూసి చెప్పు, ఏం తక్కువైంది?" అని. నేనేం చేసేవాణ్ణి? కూర్చున్న నలుగురికీ వినపడేలా, మా వంటవాణ్ణి కేకేసి, "ఒరేయ్, నీ ఉద్యోగానికి ఎసరొచ్చింది, ఇదిగో కొత్త మాస్టరు" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. గిన్నె కడిగి తుడుచుకుని మరీ తీసుకెళ్ళేవాడు. రుచి ఎలా ఉందో మాత్రం ఒక్కనాడూ తిన్నగా చెప్పలేదు నేను. బాగుండేదమ్మా. నిజంగా బాగుండేది.

ఒకరోజు చూస్తే, నిన్నటి అన్నం నీళ్ళు పోసుకుని తింటున్నాడు, పక్కన చొక్కాల మూట. నాకు మనసాగలేదు. అందులో నా గొప్ప కూడా ఉందిలే. ఇంత మెస్సు పెట్టుకుని నా బావ చద్దన్నం తినడమా అని. "రేపట్నుంచి రెండు పూటలా నా దగ్గరే. ఆ కుక్కరు అటకెక్కించు" అన్నాను. కుదరదన్నాడు, నసిగాడు. నేను వినలేదు. మా ఆవిడతో చెప్తే, "ఆయన్ని వండుకోనివ్వండి. ఆ కాస్త పనీ లాగేస్తే రోజంతా ఆయనకేం తోస్తుంది?" అంది. "నీకేం తెలుసు, మగాడికి పొయ్యి దగ్గర ఏం సుఖం" అన్నాను. ఇంట్లో నేనే తెలివైనవాణ్ణి అప్పట్లో.

ఎనిమిది నెలలు తిన్నాడు నా దగ్గర. మూలన, కుళాయి పక్కన బల్ల, అది ఆయనది. మొదట్లో బాగానే ఉంది, ఒళ్ళు కూడా చేశాడు. తర్వాత్తర్వాత వంకలు మొదలయ్యాయి. అన్నం గట్టిగా ఉంది, పళ్ళు ఊడేట్టున్నాయి. ముక్క సమంగా తరగలేదు. కూరలో నీళ్ళెక్కువ. ఒక్కోరోజు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, మా వంటవాడి పక్కన నిలబడి, "కొంచెం మంట తగ్గించు బాబూ" అనేవాడు. వాడికి ముక్కు మీద కోపం. "అయ్యా, ఆయన ఉండాలా నేనుండాలా, తేల్చండి" అన్నాడు. ఇప్పుడనిపిస్తుంది, ఆయనకి కావలసింది కూర కాదు, గరిటె. ఓ పది నిమిషాలు చేతికిచ్చి, కలుపు బావా అంటే సరిపోయేది. అప్పుడు తట్టలేదే నాకు.

ఆరోజు మధ్యాహ్నం జనం విరగబడి ఉన్నారు. వడ్డించేవాడు ఒకడు రాలేదు. నేనే పళ్ళాలు అందిస్తున్నాను. మూలనుంచి కాజాలాయన, "బావా, ఇది చూడు, అన్నమా రాళ్ళా?" అన్నాడు. నోరు జారాను. అందరి ముందూ జారాను. "అంత నచ్చకపోతే ఇంట్లో వండుకు తగలడు. పొయ్యుంది, కుక్కరుంది. ఇక్కడెందుకు నా ప్రాణం తీస్తావు?" అన్నాను. ఆయన పళ్ళెంలో సగం అన్నం ఉండగానే లేచాడు. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు, తొందరగా కడుక్కున్నాడు ఆరోజు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి పిలుద్దామనుకున్నాను, ఈలోపు ఎవరో నీళ్ళడిగారు.

మర్నాడు రాలేదు. అలిగాడు, వండుకుంటున్నాడు అనుకున్నాను. మా ఆవిడ, "వెళ్ళి చూసి రండి, నాలుగడుగుల దూరం" అంది. "నేనెందుకెళ్ళాలి, ఆకలేస్తే ఆయనే వస్తాడు" అన్నాను. ఆ రెండో రోజు కూడా రాలేదు. ఆ మూల బల్ల మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు నేను, అదొక్కటీ చేశాను. మూడో రోజు పొద్దున్నే టైలరు వచ్చాడు, మొహం చిటపటలాడుతూ. బళ్ళు తెరిచే రోజులు, పిల్లల చొక్కాలు యాభై ఆ మూటలో ఉండిపోయాయట. "కాజాలాయన ఉన్నాడా ఇక్కడ?" అన్నాడు. "ఇక్కడెందుకుంటాడు, ఇంట్లో వండుకుంటున్నాడుగా" అన్నాను. "ఇంటికెళ్ళే వస్తున్నాను. తలుపు తియ్యట్లేదు. ఇస్త్రీ ఆవిడేమో మీ మెస్సుకే వెళ్ళుంటాడంది" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చేతిలో పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు నాకు.

తలుపు బద్దలుకొట్టక ముందే తెలిసింది నాకు. చెప్పాను కదా, ఈ ముక్కు. తలుపు సందులోంచి పులిసిన బియ్యం వాసన. పొయ్యి ముందు నేలమీద పక్కకి ఒరిగి పడున్నాడు. పొయ్యి వెలిగించలేదు. పైన కుక్కరు, మూత పెట్టలేదు. లోపల కడిగిన బియ్యం నానిపోయి, ఉబ్బిపోయి, నురగలు కట్టి ఉన్నాయి. పక్కనే సొట్ట డబ్బా. బియ్యం చూడగానే తెలిసింది, రెండు డబ్బాలవి. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వండుకోబోయినా రెండే పోశాడు. చేతిలో గరిటె. డాక్టరు వచ్చి చూసి, ఒక పక్క పడిపోయి ఉంటుంది, మాట కూడా పడిపోయి ఉంటుంది అన్నాడు. నేను బుద్ధిలేక అడిగాను, వెంటనే పోయాడా డాక్టరుగారూ అని. వెంటనే కాదన్నాడు. ఒక రోజు పైనే ప్రాణంతో ఉన్నాడట. ఆ గరిటె ఊరికే పట్టుకోలేదమ్మా. పక్కనున్న గిన్నె అంచంతా నొక్కులు పడిపోయింది, గరిటెతో కొట్టి కొట్టి.

ఇస్త్రీ ఆవిడ విన్నదట. అదీ కథ. మెట్ల మీద కూలబడి నెత్తి కొట్టుకుంటూ చెప్పింది. "మొన్న పొద్దున్న గరిటె చప్పుడు విన్నానయ్యా. అన్న మళ్ళీ వంట మొదలెట్టాడని సంతోషించానయ్యా. రేడియో పెంచుకుని నా పని నేను చేసుకున్నాను. నిన్న కూడా విన్నాను, కొంచెం సేపు. తర్వాత వినపడకపోతే మీ దగ్గరికొచ్చి ఉంటాడనుకున్నాను" అని. పాత రోజులైతే ఎనిమిదిన్నరకే పైకి పరుగెత్తి ఉండేది కదా ఆవిడ. ఎనిమిది నెలలపాటు ఆ చెవికి విజిల్ అలవాటు మాన్పించింది ఎవరు? నేనే. ఆవిడ బతికున్నంత కాలం, బట్టలివ్వడానికి ఎవరు వెళ్ళినా అదే మాట. గరిటె విన్నాను, విజిల్ వినలేదు. విజిల్ రాలేదేంటని ఎందుకనుకోలేదూ అని. చివరికి బట్టలు వెయ్యడం మానేశారు జనం, పాపం, ఆ మాట వినలేక. ఆవిడ నామీద నెపం వెయ్యలేదు, నేను ఆవిడ మీద వెయ్యలేదు. వేసుకున్నా బాగుండేది.

మెస్సా? ఆ తర్వాత రెండేళ్ళు నడిపానేమో. ఆ మూల బల్ల తీయించేశాను, చోటు ఖాళీగా కనిపిస్తుంటే ఇంకో బల్ల వేయించాను, అదీ తీయించాను. రోజూ వచ్చేవాళ్ళెవరైనా ఒక పూట రాకపోతే వాళ్ళ ఇళ్ళకి పరుగెత్తేవాణ్ణి. ఒకడు పెళ్ళిచూపులకెళ్ళాడు, నేను వాళ్ళ తలుపు విరగ్గొట్టబోయాను. నవ్వుకున్నారు. మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. ఆవిడా వెళ్ళిపోయింది, తెలుసుగా నీకు, నువ్వు పై వాటాలో దిగిన ఏడాదే. వందమందికి బియ్యం కళ్ళతో కొలిచేవాణ్ణి తల్లీ. ఇప్పుడు నా ఒక్కడికి ఎన్ని పోయాలో తెలీట్లేదు. ఎక్కువవుతుంది, లేకపోతే మాడుతుంది.

తింటున్నాన్లే, ఏదో ఒకటి. తినాలనిపించినా అనిపించకపోయినా పొద్దున్న ఎనిమిదింటికి కుక్కరు మాత్రం పెడతాను. మూడు విజిల్స్ రానిస్తాను. ఒక్కోరోజు ఉత్త నీళ్ళే పోసి పెడతాను. అదీ అడుగుదామనే కూర్చోబెట్టాను నిన్ను, ఊళ్ళో సోదంతా చెప్పి. పైకి వినపడతాయా, నా విజిల్స్?

ఓహో. ఆ టైముకి చెవుల్లో పాటలు పెట్టుకుంటావా.

అబ్బే, ఏం లేదు, ఊరికే అడిగాను. లే, లే. పొట్లం చల్లారిపోతోంది.