ఆటోల దగ్గర నిలబడిన జక్రయ్య మాస్టారు

శ్రీ జక్రయ్య మాస్టారు పందొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం ఆగస్టు మూడవ తేదీన, పిడుగురాళ్ల దగ్గరలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా విధులలో చేరారు. సున్నపు బట్టీల పొగకు దగ్గుతూ వచ్చే పిల్లలకు అక్షరాలు దిద్దించి, రాని పిల్లల కోసం బట్టీల దాకా నడిచి వెళ్ళి, అక్కడి తల్లిదండ్రుల నుంచి తిట్లూ దీవెనలూ రెండూ అందుకున్నారు. తరువాత వినుకొండ ప్రాంతంలో చాలాకాలం పనిచేసి, ప్రధానోపాధ్యాయులుగా ప్రత్తిపాడు పక్కనున్న మా ఊరి బడికి వచ్చారు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ మహనీయునికి తల్లిదండ్రుల కమిటీ తరఫున సమర్పించుకుంటున్న నాలుగు మాటలివి.

ఆయన రాకముందు కమిటీ అంటే సంతకాలే. బడి నుంచి కబురొస్తే చాలు, తల్లులం పిల్లకి దెబ్బ తగిలిందో, పిల్లాడు కళ్ళు తిరిగి పడ్డాడో అనుకుంటూ చేలో పని వదిలి పరుగెత్తేవాళ్ళం. మొదటి సమావేశానికి అట్లా పరుగెత్తుకొచ్చిన వాళ్ళను మాస్టారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, కమిటీలో చేరమన్నారు.

"పేరు రాయించుకుంటే, రేపేదన్నా జరిగితే మా మెడకు చుట్టుకోదాండీ?" అని అడిగాం.

"ఏదో జరుగుతుందని భయపడేవాళ్ళే నాకు కావాలమ్మా. ధైర్యంగలవాళ్ళు పిల్లల్ని వదిలేసి ఇంట్లో నిద్రపోతారు" అన్నారాయన.

మా భయానికి అట్లా ఒక పని దొరికింది. మిరప కోతలొస్తే మా ఊళ్ళో బడి సగం ఖాళీ. తెల్లవారకముందే కూలీల ఆటోలు వస్తాయి. కూర్చోను చోటులేక పెద్దవాళ్ళు వేలాడుతుంటే, కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పిల్లలు. బడి పిల్లలు ఆటో ఎక్కకూడదనీ, తల్లులు వంతులవారీగా పని మానుకుని, కోతకు పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా బడిలో పిల్లల దగ్గర ఉండాలనీ కమిటీలో తీర్మానించాం. అందరికంటే ముందు చెయ్యెత్తింది ఇమ్మానుయేలు భార్య లిడియా. ఆ రోజు నుంచి కోతల కాలమంతా మాస్టారు మఫ్లరు చుట్టుకుని ఆటోల దగ్గర నిలబడేవారు. మమ్మల్నీ నిలబెట్టేవారు.

మూడేళ్ళ కిందట, కోతలు ఆఖరికొచ్చిన రోజుల్లో, లిడియా ఏడో తరగతి చదివే కూతురు శాంతిని పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో కనపడింది.

"చెయ్యెత్తిన మనిషివి నువ్వేనా లిడియా?" అన్నారు మాస్టారు.

"ఎత్తానులెండి. ఎత్తిన చెయ్యి అట్టాగే పెట్టుకుంటే కాయలెవరు కోస్తారు సారూ? ఇవాళ ఒక్కరోజుకి రానీండి."

మాస్టారు కదల్లేదు. లిడియా నవ్వి, "దిగవే తల్లీ, మీ సారు వదిలేట్టు లేరు. తమ్ముడికి అన్నం పెట్టి బడికి పో" అంది. శాంతి మూతి ముడుచుకుని దిగింది.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. ప్రత్తిపాడు దాటాక ఎదురుగా వచ్చిన లారీని ఆటో గుద్దుకుంది. లిడియా తిరిగి రాలేదు.

తల్లి పోయాక శాంతి బడి మానేసింది. తల్లి కూలి లేని లోటు పూడాలి, చిన్నవాణ్ణి చూసే మనిషి కావాలి. వచ్చే కోతలకు తల్లి చోట్లో ఆ పిల్లే ఆటో ఎక్కుతుందని ఊరంతా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం.

మాస్టారు వాళ్ళింటికి వెళ్ళారు. తండ్రీ కూతురూ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ఆయన తెల్ల చొక్కాతోనే వాళ్ళ పక్కన చతికిలబడి కాయలు అందుకున్నారు. చాలాసేపటికి శాంతి అంది: "నేనుంటే అమ్మ చెయ్యి పట్టుకునేదాన్ని. మీరే దించేశారు."

మాస్టారు తొడిమలు తీసిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నారు. ఈ నేలలో పుట్టినవాడెవడూ చెయ్యని పని అది. చూస్తుండగానే కళ్ళు ఎర్రగా వాచిపోయాయి.

శాంతి లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "మిరపకాయల చేత్తో ఎవరన్నా కళ్ళు ముట్టుకుంటారా? ఎక్కడ పుట్టారండీ మీరు?" అని కసురుకుంటూ, ముందు ఆయన చేతులకు నూనె రాసి కడిగించి, తరువాత కళ్ళ మీద నీళ్ళు పోసింది.

"ఇక్కడే పుట్టానమ్మా. మా అమ్మా కోతలకే పోయేది" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

ఇమ్మానుయేలు తల వంచుకుని, "పిల్ల బడికొస్తే చిన్నోణ్ణి ఎవరు చూస్తారు సారూ?" అన్నాడు.

ఆ ప్రశ్నను మాస్టారు కమిటీకి తెచ్చారు. పరాయి బిడ్డ, ఏ జ్వరమో వస్తే మన మీదికొస్తుందని భయపడ్డాం. అయినా ఒకరి తరువాత ఒకరం చేతులెత్తాం. వంతులేసుకుని ఆ పసివాణ్ణి సాకాం. శాంతి మళ్ళీ బడి గడప తొక్కింది. ఇప్పుడు ప్రత్తిపాడు హైస్కూల్లో పదో తరగతి. ఆటో మాత్రం ఎక్కదు, సైకిలు మీదే పోతుంది. ఆ పిల్ల ఇల్లు చేరేదాకా ఈ కమిటీలో ఏ తల్లికీ ముద్ద దిగదు.

ఈ సంగతి బడి వీడ్కోలు సంచికలో రాస్తామంటే మాస్టారు వద్దన్నారు. "కూతుర్ని దించానని రాస్తారు. తల్లిని కూడా దించి ఉండాల్సిందని నాకు తెలుసమ్మా" అన్నారు. పెద్దవారి మాట కాదని రాస్తున్నందుకు మన్నించమని ప్రార్థిస్తున్నాం.

మాస్టారూ, ఈ ఏడు కోతలకు కూడా ఆటోలు వస్తాయి. మీరు రావద్దు. మేం నిలబడతాం. పిల్లల్నే కాదు, చోటుకు మించి ఎక్కిన తల్లుల్నీ దించుతాం, తిట్టినా సరే. మీరు ఆయురారోగ్యాలతో, కంటిచూపు తగ్గకుండా నిండు నూరేళ్ళు బతకాలి. ఆ ఆటో చప్పుడు వినపడినా మెలకువ రాకుండా, బాగా తెల్లారేదాకా నిద్రపోవాలి.

— రాజ్యం
తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు