పేరు లేని నవలలకు పెద్దదిక్కు

1989 జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, గ్రంథాలయం తలుపులు ఇంకా తెరవకముందే మెట్ల మీద కూర్చుని నవల చదువుకుంటున్న ఒక సన్నపాటి యువకుణ్ణి చూసి, మా కాపలాదారు “పాఠకులకి పది గంటలకండీ, తర్వాత రండి” అన్నాడట. “నేను పాఠకుణ్ణి కాదండీ, కొత్తగా చేరుతున్న ఉద్యోగిని” అని లేచి నిలబడిన ఆ యువకుడు, ఒక్క క్షణం ఆలోచించి, “రెండూ అనుకోండి” అన్నారట. ఆనాటి నుంచి నేటి దాకా ఆ రెండు హోదాల్లో దేనికీ లోటు రానీయక, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా నవలా విభాగాధిపతి, పాఠకలోకం “సగం మాస్టారు” అని ఆప్యాయంగా పిలుచుకునే సహృదయుల గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యం, పక్క గదిలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తూ చిరకాలం వారికి ఇరుగుపొరుగుగా గడిపిన నాకు దక్కింది.

వారి తొలి నియామకం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే కౌంటరులో. ఆ రోజుల్లో మా పాఠకులలో అధికసంఖ్యాకులు పేరుమోసిన పదిమంది రచయితల నవలలనే తిరగేసి మరగేసి చదివేవారు. కొత్తగా కలం పట్టినవారి రచనలు, అవి నేటి జీవితాన్ని చిత్రించినవైనా, గతకాలపు చరిత్రను కళ్లకు కట్టినవైనా, అట్ట నలగకుండానే వెనక బీరువాల్లో ముసలివైపోయేవి. ఈ అన్యాయం మా మాస్టారికి మింగుడుపడలేదు. పుస్తకం తిరిగి ఇచ్చే ప్రతి ఒక్కరినీ “ఎక్కడ ఆపారు?” అని అడగడం మొదలుపెట్టారు. ఇదేం ప్రశ్నని నేనొకసారి అడిగితే, “ఎలా ఉందంటే అందరూ బాగుందనే అంటారండీ. ఎక్కడ ఆపారంటే నిజం చెబుతారు” అన్నారు. అలా పోగుచేసుకున్న నిజాలతోనే, ఎవరి చేతిలో ఏ కొత్త పుస్తకం పెడితే అది కిందికి దిగదో వారు పసిగట్టగలిగారు.

కొత్త నవలల కోసం ప్రవేశద్వారం పక్కనే ఒక చెక్క అర పెట్టించమని ఆనాటి ప్రధాన గ్రంథపాలకులను వారు అర్థించినప్పుడు, ఆ పెద్దాయన నవ్వి, “దారికి అడ్డంగా పెడితే జనం చదువుతారటయ్యా?” అన్నారు.

“కాలికి తగులుతుంది సార్. తగిలితే విసుక్కుంటారు. విసుక్కోవడానికైనా ఒకసారి చూస్తారు కదండీ.”

అర వచ్చింది. తగిలినవారు తగిలారు, విసుక్కున్నవారు విసుక్కున్నారు, చూసినవారు పుస్తకంతో ఇంటికి వెళ్లారు.

తొంభై ఏడులో నవలా విభాగపు బాధ్యతలు స్వీకరించిన వెంటనే, వారు శనివారం సాయంత్రాల పఠన కార్యక్రమానికి శ్రీకారం చుట్టారు. పేరు కూడా ఎవరూ వినని రచయిత నవలను ఎంచుకుని, మొదటి అధ్యాయాన్ని గంభీరమైన, మార్దవమైన తమ కంఠస్వరంతో చదివి, కథ సరిగ్గా గుండె పట్టుకునే చోట పుస్తకం మూసి, “మిగతాది మీ ఇంట్లో” అనేవారు. శ్రోతలు లబోదిబోమనేవారు. “పన్ను సగం పీకి ఇంటికి పంపేస్తే మేం ఊరుకుంటామా మాస్టారూ!” అని క్రమం తప్పక వచ్చే దంతవైద్యులొకరు వాపోయేవారు. “సగం మాస్టారు” అనే బిరుదు ఆయన చలవే. నాకు తెలిసినంతలో, ఏ సన్మానసభలోనూ పొందని ఆనందాన్ని ఆ బిరుదు వారికి ఇచ్చింది.

ఇంతటి నవలాప్రియులకు సహధర్మచారిణిగా లభించినవారు లెక్కల టీచరు. ఆమెకు నవలలంటే గిట్టదు. “ఉన్నవాళ్ల గురించి ఏడవడానికే నాకు తీరికలేదు, లేనివాళ్ల గురించి కూర్చుని ఏడుస్తారా ఎవరైనా?” అనేవారు. భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు మార్చుకునే ప్రయత్నం మానుకుని, ఆమె లెక్కలు ఆమెవి, వారి కథలు వారివిగా, ఎంతో అన్యోన్యంగా కాపురం సాగించారు.

2011లో ఆ కంఠానికే ఆపద వచ్చింది. బొంగురుపోయిన గొంతు వారాలు గడిచినా తేరుకోకపోయేసరికి, చదివి చదివి అరిగిపోయిందిలే అని మేమందరం పరిహాసమాడాము. వైద్యులు మాత్రం స్వరతంత్రుల మీద గడ్డ ఉందన్నారు. శస్త్రచికిత్స చేసి దాన్ని తొలగించారు. ప్రాణభయం లేదని ధైర్యం చెప్పారు కాని, గొంతు తిరిగి వస్తుందో రాదో చెప్పలేమనీ, తాము అనుమతించేదాకా ఒక్క మాటైనా పలకకూడదనీ ఆంక్ష విధించారు. మా మాస్టారు మెడకు కట్టుతో, చేతిలో భార్య పాఠశాల నుంచి తెచ్చిన చిన్న పలకతో విధులకు హాజరయ్యారు.

అప్పటి ప్రధాన గ్రంథపాలకురాలు దయగల మనిషి. వారిని తమ గదికి పిలిచి, “మీరు కొన్నాళ్లు బైండింగు విభాగంలో ఉండండి. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. శనివారాలు ఇక ఆపేద్దాం” అన్నారు. ఆ మాట వింటున్నప్పుడు మాస్టారి ముఖం ఎలా పాలిపోయిందో ద్వారం దగ్గర నిలబడిన నేను చూశాను. పలక మీద రాశారు: “ఈ శనివారం ఒక్కటి ఉండనివ్వండి. మాట ఇచ్చాను.” రాసినదాన్ని తామే మరొకసారి చూసుకుని, గొంతులేని నవ్వు నవ్వారు. ఆమె సరేనన్నారు.

ఆ మాట ఇచ్చినది పొరుగూరి ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సుకు. డ్యూటీల మధ్య దొరికిన తీరికలో ఏళ్ల తరబడి శ్రమించి ఆమె ఒక చారిత్రక నవల రాశారు. ఓడలకు తెరచాపలు కుట్టి జీవించే ఒక స్త్రీ కథ అది. అచ్చయి ఏడాది గడిచినా ఒక్క పత్రిక కూడా ఆ పుస్తకాన్ని పలకరించలేదు. అమ్ముడుపోని ప్రతులను తూకానికి వేసే ఆలోచనలో ప్రచురణకర్త ఉన్నారని, మరో నవల రాసే ఓపిక తనకిక లేదని ఆమె మాస్టారితో చెప్పుకున్నారు. “వచ్చి వినండమ్మా. జనం ఎలా వింటారో చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోండి” అని వారు భరోసా ఇచ్చారు, గొంతు ఉన్న రోజుల్లో.

ఇప్పుడు చదివేదెవరు? నేను ముందుకొచ్చాను. “మీరు రైల్వే స్టేషన్లో ప్రకటనలా చదువుతారు” అని మాస్టారు పలక మీద రాసి, నేను నొచ్చుకుంటానేమోనని గబగబా చెరిపేశారు. సరిగ్గా అప్పుడే, మందుల వేళ దాటిపోతోందని సీసా పట్టుకుని వచ్చిన లెక్కల టీచరుగారు మా తర్జనభర్జన చూసి, “అక్షరాలే కదా! ఇటివ్వండి, నేను చదువుతా” అని చెయ్యి చాపారు. మాస్టారి కళ్లలో భయాందోళనలు స్పష్టంగా కనిపించాయి.

శనివారం సాయంత్రం గది నిండింది. నర్సు వెనక వరుసలో, ఎవరికీ తెలియకుండా కూర్చున్నారు. టీచరుగారు కళ్లద్దాలు సవరించుకుని, పుస్తకాన్ని తరగతిలో లెక్క చదివినట్టే చదవసాగారు. ఓడ మునిగిపోయిందన్న కబురు మోసుకుని రేవు గుమాస్తా తెరచాపలు కుట్టే ఆమె గుమ్మంలోకి వస్తాడు. ఆ ఓడలో ఆమె భర్త ఉన్నాడు. ఆమె విని, ఏమీ అనకుండా, చేతిలోని గుడ్డను మూరవేయడం కొనసాగిస్తుంది. అక్కడికి రాగానే టీచరుగారు పుస్తకం దించి, “ఇదేం మనిషండీ! మొగుడు పోయాడంటే గుడ్డ కొలుచుకుంటుందా?” అని సభనే నిలదీశారు. అందరూ గొల్లుమన్నారు. మాస్టారు పలక ఎత్తి చూపారు: “చదువు.”

ఆమె చదివారు. గుమాస్తా వెళ్లిపోయాక ఆ స్త్రీ సూదిలో దారం ఎక్కిస్తూ తనలో తాను అనుకుంటుంది: ‘ఆయన వీధి మొదట్లోనే నన్ను కేకేసేవాడు. ఇంత చిన్న ఇంటికి అంత కేకెందుకని విసుక్కునేదాన్ని.’

ఆ వాక్యం సగంలో టీచరుగారి గొంతు ఆగిపోయింది. పుస్తకం మీంచి తల ఎత్తలేదు. పక్కన కూర్చున్న మాస్టారు పలక కింద పెట్టి, ఆమె మోచేతి మీద చెయ్యి వేశారు. ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఆ వాక్యాన్నే మళ్లీ మొదటినుంచి చదివారు. ఆ తరువాత చదివినది లెక్కల టీచరు కాదు. ఎవరో చెప్పడం నాకు చేతకాదు, ఆ గదిలో ఉన్నవారికి మాత్రం తెలుసు.

అధ్యాయం చివరకు రాగానే, అలవాటు చొప్పున మాస్టారు ఆపమని చెయ్యి ఊపారు. ఆమె పుస్తకాన్ని అవతలి వైపుకు తిప్పుకుని, “నేను ఆపను. ఆవిడకి ఏమైందో తెలియాలి నాకు” అన్నారు. రెండో అధ్యాయం చదివారు. మూడోదీ చదివారు. దీపాలు ఆర్పడానికి వచ్చిన కాపలాదారు కూడా తాళాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సభ ముగిశాక వెనక వరుసలోంచి నెమ్మదిగా వచ్చిన నర్సును మాస్టారు సైగతో పరిచయం చేశారు. టీచరుగారు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

“నువ్వేనా రాసింది? అతను తిరిగొస్తాడా రాడా? చెప్పమ్మా, నేను వారందాకా ఆగలేను.”

“చెప్తే మీరు మిగతాది చదవరు కదక్కా.”

“బాగుంది, నువ్వూ మా ఆయన బాపతేనన్నమాట!”

నర్సు నవ్వబోయి ఏడ్చేశారు. అటు తరువాత ఆమె, మాస్టారి మెడకున్న కట్టును నిపుణురాలి చేతులతో సరిచేస్తూ, “మీరు మాట్లాడకండి సార్. నేను ఇంకోటి రాస్తాను” అన్నారు. రాశారు కూడా. మా దగ్గరున్న ప్రతులు ఆ సాయంత్రమే ఖాళీ అయ్యాయి. తూకానికి వెళ్లవలసిన పుస్తకం మరుసటి ఏడు పునర్ముద్రణ పొందింది. బైండింగు విభాగం ప్రస్తావన మళ్లీ రాలేదు. నెలల తరబడి మాస్టారు పుస్తకాలు ఎంపిక చేయగా టీచరుగారు చదివారు. పాత్రలను మందలిస్తూ, రాజులను గదమాయిస్తూ, మంత్రుల కుట్రల్లోని లెక్కల తప్పులు పట్టుకుంటూ ఆమె చదువుతుంటే, నవలలంటే మొహం చాటేసే మగమహారాజులు సైతం శనివారాలకు అలవాటుపడ్డారు.

మాస్టారి స్వరం తిరిగివచ్చిన ఉదంతం టీచరుగారు చెబితేనే అందం. ఇంట్లో ఆమె మరుసటి వారానికి గట్టిగా చదివి చూసుకుంటుండగా, వైద్యుల అనుమతి అంతకు ముందురోజే లభించినా నోరు మెదపడానికి జంకుతున్న మాస్టారు, వెనకనుంచి గరగరమనే గొంతుతో “అక్కడ ఒత్తు పలకాలి” అన్నారట. ఆమె పుస్తకం విసిరేసి, “ఇన్నాళ్లకి నోరు తెరిచి నాకు ఒత్తులు దిద్దుతారా!” అని ఏడుస్తూ తిట్టారట, తిడుతూ నవ్వారట.

ఆ స్వరం మునుపటి స్వరం కాదు. గది చివరకు చేరదు. అందుకని శ్రోతలే కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఆ తరువాతి ఏళ్లలో పుస్తకాల ఎంపిక సంఘంలోనూ వారు ఆ మెల్లని గొంతుతోనే గెలిచిన వాదనలు అనేకం. “పేరున్న పుస్తకాన్ని పేరే మోసుకెళ్తుందండీ. పేరు లేనిదాన్ని మనం మోయాలి” అని వారు అన్నప్పుడు కాదన్న సభ్యులు ఎవరూ నాకు గుర్తులేరు. నేడు పేరు సంపాదించుకున్న ఎందరో నవలాకారుల తొలి రచన తొలి పాఠకుణ్ణి కలుసుకున్నది మా గ్రంథాలయంలోనే.

మనుషులతోనూ వారిది అదే తీరు. కొత్తగా చేరిన ఉద్యోగి భోజన సమయంలో ఒంటరిగా కనిపిస్తే తమ కుర్చీ ఈడ్చుకుంటూ అక్కడికి వెళ్లేవారు. పశువైద్యురాలైన వారి అమ్మాయి చిన్నతనంలో తండ్రి చదువుతుంటే బీరువాల మధ్య నిద్రపోయేదని మేం ఆటపట్టిస్తే, “మా మొదటి విమర్శకురాలు” అని మురిసిపోయేవారు.

శనివారాల బాధ్యత ఇక వారు తీర్చిదిద్దిన యువ సహోద్యోగినిది. మొన్న ఈ సంచిక కోసం ఛాయాచిత్రాలు తీసుకోవడానికి వారి ఇంటికి వెళ్లినప్పుడు, విశ్రాంత జీవితంలో ఏం చేస్తారని మర్యాదకు అడిగాను. వారు జవాబు వెతుక్కుంటుండగా టీచరుగారు అందుకున్నారు.

“ఊరందరికీ చదివారు. ఇంట్లో నాకెప్పుడైనా ఒక్క పేజీ చదివి వినిపించారా?”

“నువ్వెప్పుడైనా అడిగావా?”

“ఇప్పుడడుగుతున్నా.”

మాస్టారు లేచి, కళ్లద్దాల కోసం లోపలికి వెళ్లారు. నేను కూడా ఛాయాచిత్రాలు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

ఆ దంపతులకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును, వారి అమ్మాయికి, అల్లుడికి, మనవరాలికి సకల శుభాలను మా గ్రంథాలయ కుటుంబం యావత్తూ మనసారా కాంక్షిస్తోంది. మా మాస్టారి గొంతు ఇక గది చివరి వరుసకు చేరనవసరం లేదు. పక్క కుర్చీ దాకా చేరితే చాలు. ప్రతి సాయంత్రం, చిరకాలం, అక్కడిదాకా చేరుతూనే ఉండాలని ఆకాంక్షిస్తున్నాము.