చెల్లెలి మూలుగ

హలో… ఆ, నేనే. నీ చెల్లెల్నే. నా ఫోను ఇంకెవరు ఎత్తుతారు?

…

నీ పేరు చూసే ఎత్తాను. నంబరు తీసెయ్యలేదులే. నాలుగేళ్లలో ఒక్కసారీ మోగలేదు గానీ, ఉంది.

…

షాపు దగ్గరే ఉన్నా. కాస్త ఉండు, రంపం మోత— మేస్త్రీ, కాసేపు ఆపండి. ఆస్పత్రి నుంచి మా అన్నయ్య… ఆ, ఇప్పుడు చెప్పు.

…

వద్దా? ఏం వద్దు?

…

ఓహో. నా ఎముక మూలుగ నీకు వద్దు. బాగుంది. వదినతో చెప్పించలేదు, డాక్టరమ్మతో చెప్పించలేదు. ఈ ముక్క చెప్పడానికే నాలుగేళ్ల మౌనవ్రతం విరమించావన్నమాట.

…

అరవకు. అరిస్తే నీకు ఆయాసం వస్తుంది. అదిగో, వచ్చింది. ఎందుకొస్తోందో తెలుసా? ఒంట్లోకి గాలి మోసుకెళ్లే ఎర్రకణాలు నీలో సగం కూడా లేవు.

…

నాకెవరు చెప్తారు, డాక్టరమ్మే చెప్పింది. నీకూ చెప్పబోతే గోడవైపు తిరిగి పడుకున్నావట. నేను కూర్చుని విన్నాను. అర్థం కానిది మళ్లీ అడిగాను.

…

నెత్తురు ఎక్కిస్తున్నారు, కాదనను. ఎన్నాళ్లు ఎక్కిస్తారు? ఎర్రకణం ఆయుష్షు నాలుగు నెలలు, అదీ కొత్తదైతే. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పది రోజులు ఉంటే గొప్ప. తెల్లకణాల్లో కొన్నయితే పొద్దున పుట్టి రాత్రికి పోతాయట. అందరికీ అవి పోతూనే ఉంటాయి అన్నయ్యా. మా ఎముకల్లో మూలుగ ఎప్పటికప్పుడు కొత్తవి పుట్టిస్తుంది. నీ మూలుగ ఆ పని మానేసింది. ఊట ఎండిన బావిలో బిందెలతో పోస్తే ఎన్నాళ్లు నిలుస్తాయి నీళ్లు?

…

తిండికీ దానికీ సంబంధం లేదు. మధ్యలో వదిన వంటనెందుకు ఆడిపోసుకుంటావు?

…

అన్నిటికీ తల్లి ఒకటే. ఎర్రవి, తెల్లవి, ప్లేట్‌లెట్లు, అన్నీ మూలుగలో ఉండే మూలకణం పిల్లలే. ఆ తల్లే లేకపోతే చివరికి మిగిలేది పసుప్పచ్చటి నీళ్లు. నెత్తురులో సగానికి పైగా ఆ నీళ్లేనట. దాంతో నువ్వు బతకలేవు.

…

నా ఎముకలేం గుల్లబారవు. మత్తిచ్చి, తుంటి ఎముకలోంచి సూదితో లాగుతారు. కొన్నాళ్లు నడుం పట్టేసినట్టు ఉంటుంది. తీసింది కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది. ఎముకంటే కొయ్యమొద్దులా లోపలిదాకా గట్టి అనుకున్నాం మనం. కాదు. లోపలంతా గుజ్జు. అసలు పని జరిగేది ఆ గుజ్జులోనే.

…

ఏమన్నావ్? ఆడదాని నెత్తురా?

…

ఎక్కితే ఏమవుతుంది? మీసాలు రాలవులే. గ్రూపు మాత్రం మారుతుంది. నీది బి, నాది ఓ. నాది నీలో కుదురుకున్నాక నీదీ ఓ అవుతుంది, ఇక ఎప్పటికీ. ఎవరైనా నీ గ్రూపు అడిగితే నాది చెప్పాలి నువ్వు.

…

నవ్వుతున్నావా, దగ్గుతున్నావా?

…

చూడు, ఆ మాట నేను ఎత్తలేదు, నువ్వే ఎత్తావు. అవును, నీ షాపుకి ఎదురుగా షాపు పెట్టాను. పెట్టనా? పదేళ్లు నీ పక్కన నిలబడి చిత్రిక పట్టాను. గీత గీయాల్సి వచ్చేసరికి పెన్సిలు మాత్రం నీ చెవి మీదే ఉండేది. సొంతంగా ఒక్క బీరువా గీయనిచ్చావా? నేను బోర్డు కట్టిన రోజున పనివాళ్లందరి ముందూ ఏమన్నావు? "దీని ఒంట్లో నాన్న నెత్తురు చుక్కయినా లేదు" అన్నావు.

…

అన్నావు. మర్చిపోయి ఇస్తున్నాననుకోకు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అయినా ఇస్తున్నా.

…

నేనేం అడిగి తెచ్చుకున్నానా? అక్కది కలవలేదు. తమ్ముడిది కలవలేదు. గ్రూపు వేరైనా, మూలుగ పూర్తిగా కలిసింది నాదే. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. నీకు ఏ సగాలు వచ్చాయో నాకూ అవే వచ్చాయి. నామీద కోపమైతే నన్ను తిట్టు. మూలుగని తిట్టి లాభం లేదు.

…

అన్నయ్యా, నీళ్లు నమలకు. మీసాలూ కాదు, షాపూ కాదు. అసలు సంగతి చెప్పు.

…

చెప్పు. నేనెక్కడికీ పోవట్లేదు.

…

ఆ.

…

అదీ మాట. ఆఖర్న నేను రానంటానని నీ భయం. ఇంతసేపూ డొంకతిరుగుడు ఎందుకు మరి?

…

ఎందుకు తెలీదు? డాక్టరమ్మ నాకూ చెప్పింది. ఒకసారి మామూలుగా చెప్పింది, ఇంకోసారి తలుపేసి చెప్పింది. నాది ఎక్కించే ముందు ఇచ్చే మందు ఇవాళ నీకు మొదలుపెడితే, నీ మూలుగలో మిగిలిన ఆ కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. అలా పోతేనే నాది పాతుకుంటుంది. కానీ మందెక్కాక నేను రానన్నానంటే, నువ్వు చచ్చిపోతావు. "మానుకునేదుంటే ఇప్పుడే మానుకో, నిన్నెవరూ ఏమీ అనరు" అంది. మానుకోనని చెప్పాను.

…

ఎలా నమ్మాలా?

…

సరే, విను. నువ్వు ఆస్పత్రిలో చేరినప్పటినుంచి నేను రంపం ముట్టలేదు. ఉలి ముట్టలేదు. వేలు తెగి చీము పడితే నీ పని ఆగిపోతుందని. బస్సెక్కట్లేదు, పక్కవాడెవడైనా తుమ్ముతాడని. స్కూలు బెంచీలు సగంలో ఉంటే, పొట్టు గొంతులోకి పోకుండా బయట కుర్చీ వేసుకుని మేస్త్రీకి కొలతలు చెప్తున్నా. కుర్రాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. నీతో నాకు మాటల్లేవు. నువ్వు ఒప్పుకున్నావో లేదో కూడా తెలీదు. అయినా ఈ ఒంటిని గాజు సామానులా చూసుకుంటున్నా. పారిపోయే మనిషి ఇన్ని తిప్పలు పడుతుందా?

…

అన్నయ్యా.

…

ఉన్నావా?

…

ఏడుపొస్తే ఏడువు. ఫోను మాత్రం పెట్టెయ్యకు. వదినకివ్వు.

—

వదినా… ఆ, విన్నావా అంతా? ఏమంటున్నాడు?

…

సిస్టరొచ్చిందా, మందు తీసుకుని?

…

చెయ్యి? ఏం చేశాడు చేత్తో?

…

సిస్టరు అడగకముందే చాపాడా. తనంతట తనే?

…

మంచిది. సీసా తగిలించారా? … మందు పడటం నీ కళ్లతో చూశావా? … సరే. ఇక వెనక్కి తిరగడం లేదు. నాకూ లేదు, తనకీ లేదు. డాక్టరమ్మ నన్ను రమ్మన్న రోజుకి ముందురోజే అక్కడ ఉంటాను. నువ్వు కాస్త పడుకో, గొంతు బొంగురుపోయింది.

…

ఏంటి, క్షమించమని తనే అంటున్నాడా?

…

వద్దని చెప్పు. పక్కమీద పడుకుని చెప్పే క్షమాపణ నాకక్కర్లేదు. నేను షాపు ముయ్యను, బోర్డు దించను. మా గొడవ ఎక్కడిదక్కడే ఉందని చెప్పు. ఒంట్లో నెత్తురు ఊరాక, ఆయాసం లేకుండా రోడ్డు దాటి, నా గుమ్మం ముందుకొచ్చి పోట్లాడమను. ఎంతసేపైనా సరే, ఎదురు నిలబడతాను.

…

ఆ, ఇదే మాట చెప్పు. ఉంటా వదినా.