పసుపంటిన మార్కుల కాయితం

“పెద్దమ్మా, నేను అమెరికా బడిల లెక్కల టీచరుగ పోతాన్న గదా. మార్కుల కాయితాలు సీల్ కవర్ల, యూనివర్సిటీ నుంచే సీదా రావాలంటాండ్రు. నువ్వు పోయిన్నాడు గూడ ఇట్లనే ఉండెనా?”

ఉండకేంది బిడ్డా. కూసో, చెప్త. ఆ కవరుతోనే నా పానం మీదికొచ్చింది.

నేను పోయింది ఎనభై రెండుల... కాదు కాదు, మా చిన్నోడు ఒకటో తరగతిల పడ్డడు, అంటే ఎనభై మూడు. హన్మకొండ హైస్కూల్ల సైన్సు చెప్తుంటి. అమెరికాల సైన్సు టీచర్లు దొరుకుతలేరని, మూడేండ్లకు వీసా ఇచ్చి పిలిచిన్రు. మా ఇంటాయన, ఇద్దరు పిల్లలు, నేను పోయినం. ఇక్కడ సెలవు దొరకలే, నౌకరికి రాజీనామ ఇచ్చే పోయిన.

పోయినంక తెల్సింది, వీసా ఒక్కటుంటే సాలదని. ఆ రాష్ట్రపోళ్లు టీచరు సర్టిఫికెట్ గూడ ఇయ్యాలె. నాకు ఏడాదికి కచ్చాది ఇచ్చిన్రు. ఏడాది లోపల నా బియ్యెస్సీ, బీయెడ్ మార్కులు యూనివర్సిటీయే పంపాలె, అవి చూసి పక్కా చేస్తరట. లేకుంటే నౌకరి లేదు. నౌకరి లేకుంటే వీసా లేదు. మా బిడ్డ ఆర్నెల్లు ఆ బడిల నోరే తెర్వలే, తెల్సా? అప్పుడప్పుడే దానికో దోస్తు దొరికింది. మళ్ల అంత సర్దుకొని వాపసు వస్తె పిల్లలేమైతరు, ఇక్కడ మేమేం జేసి బతకాలె అని నాకు ఒకటే ఫికర్.

యూనివర్సిటీ నుంచి మార్కులు పంపియ్యమని మా మామకు ఉత్తరం రాసిన. మా ఇంటాయన నాయిన, నువ్వు పుట్టకముందే పోయిండు. వరంగల్ల బట్టల దుకాణం ఉండె. కోడలు నౌకరి చేస్తదంటె ఆ కాలంల ఎంతమంది మామలు ఒప్పుకుందురు? మా మామైతె బీయెడ్ పరీక్షలప్పుడు నన్ను సైకిల్ మీద దించి వచ్చిండు. పాపం, యూనివర్సిటీకి నాలుగు మాట్లు తిరిగిండు. తిరిగి తిరిగి, “మీకెందుకు తక్లీఫ్, నేనే పోస్టు చేస్త” అని క్లర్కును బతిమాలి సీల్ కవరు చేతిల వట్టుకొచ్చిండు.

తెచ్చి ఏం జేసిండంటవ్? విప్పిండు! లగ్గం పత్రికకు నాలుగు మూలల పసుపు పెడ్తం గదా, కోడలి కాయితానికి పెట్టొద్దా? పెట్టి, మళ్ల బంకతోని అతికిచ్చి, రిజిస్టర్ పోస్టు చేసిండు.

అమెరికాల సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుల ఒక పెద్దామె నన్ను పిలిచింది. బల్ల మీద నా కాయితం. “ఇదేం మరక? కవరు ఎవరు విప్పిన్రు?” అన్నది. మా ఇంటాయన ముందే చెప్పిండు, తపాలల చినిగిందని చెప్పు, ఎవరికి తెలుస్తది అని. అనాలనే పోయిన, నీతోని అబద్ధమెందుకు. గని పిల్లలకు రోజూ ఒకటి చెప్పుకుంట నేనింకోటి ఎట్ల చేద్దు? “మా మామ విప్పిండమ్మా, మా దిక్కు మంచిపనికి పోయే కాయితానికి పసుపు పెడ్తరు” అన్న.

“మార్కులు దిద్దలేదని నాకెట్ల తెల్వాలె?”

“మీకు తెల్వదు” అన్న. ఇంకేమంట?

ఆమె కాయితం పక్కకు వెట్టింది. “ఇది చెల్లదు. జూన్ ఆఖరుదాక ఆగుత. యూనివర్సిటీ పంపిందే కావాలె” అన్నది. మూడు వారాలే ఉన్నయి.

మామ దుకాణానికి ఫోన్ చేసిన. అప్పటి ఫోన్లు నీకేం ఎరుక, మూడు నిమిషాల పైసలకు ఇక్కడ నెల బియ్యమొస్తుండె. “మామా, కవరు విప్పినవా?”

“విప్పకుంట ఎట్ల పెడ్త బిడ్డా? నేను మరుస్తననుకున్నవా?” అని సంబురంగ అన్నడు.

“చెల్లదంటాండ్రు మామా. నౌకరి పోతదట.”

“నా చేతులతోని నేనే చేసిన్నా?” అన్నడు. తిడ్దామని చేసిన ఫోన్, తిట్టలేకపోయిన. “మంచికే చేసినవ్. ఈసారి ముట్టుకోకు మామా” అన్న.

తెల్లారే పోయి యూనివర్సిటీ ఆఫీసు మెట్ల మీద కూసున్నడట. క్లర్కు లక్క సీలేసి పోస్టాఫీసుకు పోతాంటే, రెండు గజాలు ఎడంగ ఎనకనే నడిచిండట. “ఏందయ్య పెద్దమనిషీ, పెండ్లికొడుకు ఎంట పోయినట్టు నా ఎంట పడ్డవ్?” అని క్లర్కు నవ్విండట. మా మామైతె చేతులు జేబులకెల్లి తియ్యనే లేదట.

కవరు వచ్చింది బిడ్డా. జూన్ల ఇంక నాలుగొద్దులుందనంగ వచ్చింది. ఆ పెద్దామెనే ఫోన్ చేసి, సర్టిఫికెట్ పక్కా అయింది, ఇగ ఉండుమన్నది. థాంక్స్ గూడ చెప్పిన్నో లేదో. అప్పటిదాక పిల్లల బూట్లు కురచైనా కొనలే నేను, ఉంటమో పోతమో అని. ఆ సాయంత్రమే ఇద్దరిని బూట్ల దుకాణానికి తోల్కపోయిన. “ఒక సైజు పెద్దయి ఇయ్యి, వచ్చే ఏడాది గూడ రావాలె” అన్న.

నీ పని గూడ అయితది, ఫికర్ పడకు. సల్లగుండు బిడ్డా. నీ దగ్గర చదివిన పిల్లలు ఎక్కడున్నా నీ పేరు తలుసుకోవాలె. పైలంగ పో... అక్కడ చలి మస్తుంటది, చెవులకు కట్టుకో...